తాళం తీసే వరస



2020 ఏప్రిల్ 11, శనివారం. దేశమంతా తలుపులు వేసుకుని అప్పటికి రెండున్నర వారాలు. ఆ రోజు ప్రధానమంత్రి, రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఎవరి ఊళ్లో వాళ్లు ఉండి వీడియోలో మాట్లాడుకున్నారు. మొదటి ఇరవయ్యొక్క రోజుల కరోనా లాక్‌డౌన్ గడువు 14తో తీరిపోతుంది. ఆ తర్వాత ఎత్తేయాలా, పొడిగించాలా? అందరి ముందూ ఉన్న ప్రశ్న అదే.

మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ ప్రశ్నకు రెండు జవాబులు చెప్పాయి. అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు అంతకు ఐదు రోజుల ముందే విలేకరుల దగ్గర తన అభిప్రాయం బయటపెట్టారు. దెబ్బతిన్న ఆర్థిక వ్యవస్థను రేపు నిలబెట్టుకోవచ్చు, పోయిన మనిషిని మాత్రం తెచ్చుకోలేం, కాబట్టి పొడిగించి తీరాలి అన్నది ఆయన వాదన. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి మండలాల లెక్క ముందు పెట్టారు. రాష్ట్రంలో 676 మండలాలుంటే 37 రెడ్ జోన్‌లో, 44 ఆరెంజ్ జోన్‌లో ఉన్నాయి. మిగిలిన 595 గ్రీన్ జోన్. రోగం ఉన్నచోట కట్టడి చేద్దాం, లేనిచోట పనులు సాగనిద్దాం అన్నారు.

ఆ రోజే తెలంగాణ మంత్రివర్గం నెలాఖరు దాకా పొడిగించింది. మూడు రోజులకు కేంద్రం మే 3 దాకా అంది. ఏప్రిల్ 20 నుంచి సేద్యానికి, ఉపాధి హామీ పనులకు, కొన్ని పరిశ్రమలకు కేంద్రం వెసులుబాటు ఇచ్చినా, తెలంగాణ ఆ వెసులుబాటు కూడా వద్దని మే 7 దాకా బిగించే ఉంచింది.

వీళ్లలో ఎవరు గెలిచారో తేల్చడానికి నేను ఈ మాటలన్నీ తవ్వడం లేదు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. తొందరపడొద్దన్న వాళ్ల వైపు వైద్యం చెప్పే లెక్క ఒకటుంది. వైరస్ ఒంట్లో చేరిన నాటికీ జ్వరం తగిలిన నాటికీ మధ్య ఐదారు రోజులు, ఒక్కోసారి పద్నాలుగు రోజులు పడుతుంది. జ్వరం వచ్చినవాడు ఓ రెండు రోజులు గోళీలు వేసుకుని చూస్తాడు. తర్వాత పరీక్షకు వెళ్తాడు. ఫలితం రావడానికి ఇంకో రోజో రెండు రోజులో. ముదిరితే ఆసుపత్రి. అంటే ఇవాళ ఒక ఆంక్ష సడలిస్తే దాని మంచిచెడ్డలు రెండు మూడు వారాలకు గాని కంటికి కనపడవు. ఈలోగా అంతా బాగానే ఉందని మరో ఆంక్ష తీసేస్తే, మొదటి దాని ఫలితమూ రెండోదాని ఫలితమూ కలిసి ఒకేసారి మీద పడతాయి.

తెరవాలన్న వాళ్ల దగ్గర కూడా అంతే గట్టి లెక్క ఉంది. లాక్‌డౌన్ వైరస్‌ను చంపదు. దాని నడకను మందగింపజేస్తుంది. టీకా లేని రోజుల్లో అది మనకిచ్చేది గడువు మాత్రమే. మార్చి 24న దేశం మూతపడ్డ రాత్రికి నమోదైన కేసులు ఐదు వందల పైచిలుకు. జూన్ 1న తాళాలు తీయడం మొదలుపెట్టేసరికి లక్షా తొంభై వేలు. వందల్లో ఉన్నప్పుడు మూసి లక్షల్లో ఉన్నప్పుడు తెరిచారే, ఇదెక్కడి పద్ధతి అని ఆ రోజుల్లో చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ మధ్య దొరికిన గడువులో ఏం కూడబెట్టుకున్నాం అన్నదే దానికి జవాబు. గచ్చిబౌలిలో క్రీడాకారుల కోసం కట్టిన భవనాన్ని పదిహేను వందల పడకల ఆసుపత్రిగా మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో క్షయ పరీక్షకు వాడే ట్రూనాట్ యంత్రాల మీదే కరోనా పరీక్షలు చేశారు. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో పరీక్ష కిట్లు తయారయ్యాయి. ఇవన్నీ ఆ గడువు పెట్టిన భిక్ష. అయితే ఆ గడువు కొనుక్కోవడానికి ఖర్చుపెట్టింది ఎవరి జేబులోంచి? ఆ ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల్లో దేశం ఉత్పత్తి అంతకు ముందేడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ పడిపోయిన దానిలో నెల జీతం బ్యాంకులో పడేవాళ్ల వాటా తక్కువ.

అందుకే నాకు అనిపించేది, చర్చంతా తేదీ చుట్టూ తిరిగిందని. 14నా, 30నా, మే 3నా, 17నా? అసలు తేలాల్సింది వరస. ముందు ఎవరికి తెరవాలి, ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు? చెరువు కింద సేద్యం చేసే ఊళ్లలో తూము ఎత్తే నీరటికి ఈ సంగతి తెలుసు. నీళ్లు ఏ రోజు వదలాలన్నది అతనికి సగం పనే. ఏ మడికి ముందు, ఎన్ని గంటలు, కొస భూమికి చేరేదాకా పై వాళ్లు ఎలా ఆగాలన్నది మిగతా సగం. ఆ సంవత్సరం కొస భూములెక్కడున్నాయో మన చర్చలో కూర్చున్నవాళ్లకు సరిగా కనపడలేదు.

ఎవరా కొసన ఉన్నవాళ్లు?

ములుగు జిల్లా మిరప తోటల్లో కాయ కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు ఏటా వస్తారు. బీజాపూర్ జిల్లా నుంచి అలా వచ్చిన ఒక గుంపు, ఏప్రిల్ 14తో అయిపోతుందనుకున్న లాక్‌డౌన్ పొడిగించారని తెలిశాక, మర్నాడు నడక మొదలుపెట్టింది. రోడ్డు మీద పోలీసులు ఆపుతారని అడవి దారి పట్టారు. మూడు రోజులు నడిచారు. వంద కిలోమీటర్లకు పైగా నడిచి, ఇంటికి ఇంక కాస్త దూరం ఉందనగా 18న అందులో ఒక పన్నెండేళ్ల పిల్ల చనిపోయింది. పరీక్ష చేస్తే ఆ పిల్లకు కరోనా లేదు. పొడిగింపు వల్ల నిలిచిన ప్రాణాలు ఎన్నో ఉండవచ్చు. ఈ ప్రాణాన్ని మాత్రం ఏ పట్టికలో రాసుకోవాలి? ప్రాణమా, బతుకుదెరువా అంటూ రెంటినీ తక్కెడలో చెరో పక్కనా పెట్టి మాట్లాడిన వాళ్లందరినీ నేను అడగదలచిన మాట ఇది. పేదవాడింట్లో ఆ రెండూ ఎప్పుడూ విడివిడిగా లేవు.

గుజరాత్ వెరావల్ రేవులో పనికెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా అక్కడే చిక్కుపడిపోయారు. వారాల తరబడి పడవల్లోనే వండుకుని పడవల్లోనే పడుకున్నారు. ఏప్రిల్ నెలాఖరుకు గాని వాళ్లను బస్సులెక్కించి సొంత ఊళ్ల దారి పట్టించడం కుదరలేదు. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న వలస కూలీలు ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. మా కూలి మాకివ్వండి, మమ్మల్ని మా ఊరికి పంపండి అని. పోలీసుల మీద రాళ్లు కూడా పడ్డాయి. రెండు రోజులు తిరగకుండానే, మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి రైలు అదే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ రైలు వేయడానికి కావలసిన ఇంజను, పెట్టెలు, పట్టాలు అన్నీ మార్చి నెలలోనూ ఉన్నాయి. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన, పన్నెండుకల్లా మూత. ఆ నాలుగు గంటల బదులు నాలుగైదు రోజులు ముందు చెప్పి, రోగం ఇంకా పల్లెలకు పాకని సమయంలోనే వీళ్లను ఇళ్లకు చేర్చి ఉంటే? అప్పుడు చెయ్యలేదు. కేసులు పెరిగాక పంపాం. అంటే ఇటు కూలీకీ సుఖం లేదు, అటు అతని ఊరికీ రక్షణ లేదు. మూసేటప్పుడు వరస తప్పితే తెరిచేటప్పుడు దాన్ని సరిచేయడం ఎంత కష్టమో లింగంపల్లి ప్లాట్‌ఫారం చూపించింది.

అదే లింగంపల్లికి మే 8న ఎదురు దిక్కు నుంచి ఇంకో రైలు వచ్చింది. బీహార్‌లోని ఖగరియా నుంచి రెండు వందల మందికి పైగా రైస్ మిల్లు హమాలీలు దిగారు. యాసంగి వడ్లు కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో రాశులు పడి ఉన్నాయి. మిల్లులో బస్తా దించే చెయ్యి లేదు. బెంగాల్లో జనపనార మిల్లులు మూతపడి గన్నీ సంచులకు కటకట వచ్చింది. తెలంగాణ అప్పుడు దేశంలోకెల్లా కఠినంగా లాక్‌డౌన్ పాటిస్తున్న రాష్ట్రాల్లో ఒకటి. అయినా రైతు పండించిన గింజ ఆగదు కాబట్టి ఊరూరా కేంద్రాలు పెట్టి వడ్లు కొనింది, హమాలీలను రప్పించుకుంది. నన్నడిగితే ఆ నిర్ణయం సరైనదే. ఆగలేని పనికి ముందు దారి ఇవ్వడమంటే అదే. అలాంటి చూపు అన్నిటి మీదా పడలేదన్నదే నా బాధ.

మే మొదటి వారంలో తెరుచుకున్న వాటిని చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. మొదటి రోజు ధర 25 శాతం పెంచారు. జనం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరేసరికి మర్నాడు మరో 50 శాతం పెంచారు. తాగుడు తగ్గించడానికే ఈ పెంపు అని ప్రభుత్వం చెప్పింది. తెలంగాణలో 6న తెరిచారు, ఇక్కడా ధర పెరిగింది. రాష్ట్రాల కష్టం నాకు తెలియనిది కాదు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రం సొంతంగా వేసుకోగల పెద్ద పన్నులు మద్యం మీద, పెట్రోలు డీజిల్ మీద, రిజిస్ట్రేషన్ల మీదే మిగిలాయి. ఏప్రిల్ నెలంతా అవి ఎండిపోయాయి. జీతాలు, పింఛన్లు ఇవ్వాలి, ఆసుపత్రులకు పీపీఈ కిట్లు కొనాలి. ఆ ఒత్తిడి నిజమైనది. కానీ విశాఖ జిల్లాలో కొన్నిచోట్ల మద్యం దుకాణాల ముందు క్యూలు చూసుకోవడానికి బడి పంతుళ్లకు డ్యూటీలు వేశారు. బడి మూసి ఉంది, పంతులు సారా కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఆ నాటి వరస ఎలా ఉందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ వారంలోనే, మే 7 తెల్లవారుజామున, విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి కమ్ముకొచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తుతూ రోడ్ల మీద కుప్పకూలారు. పన్నెండు మంది పోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్ రోజుల్లో ట్యాంకులో నిల్వ ఉండిపోయిన రసాయనం వేడెక్కి ఆవిరై బయటపడింది. కర్మాగారం తిరిగి మొదలుపెట్టే సమయమది. భద్రత విషయంలో యాజమాన్యం చేసిన లోపాలను రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ తర్వాత తప్పుపట్టింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కర్మాగారాలకు సూచనలు పంపింది: తెరిచాక మొదటి వారాన్ని పరీక్షా కాలం అనుకోండి, ఉత్పత్తి లక్ష్యాల వెంట పడకండి, యంత్రాలన్నీ చూసుకోండి. మంచి సూచనలు. వచ్చింది మాత్రం వెంకటాపురం తర్వాత.

ఎత్తివేతను మనం ఒక జీవో అనుకున్నాం. సంతకం పెడితే అయిపోయేదనుకున్నాం. కానీ తెరవడం అంటే మూయడం కన్నా ఎక్కువ మందితో, ఎక్కువ శ్రద్ధతో చేయాల్సిన పని. బాయిలరు చల్లబడి ఉంటుంది, లిఫ్టు తీగలు తుప్పు పట్టి ఉంటాయి, హాస్టలు నీళ్ల ట్యాంకులో నాచు పట్టి ఉంటుంది. తెరిచే ముందు వారం రోజులు తనిఖీకే ఇవ్వాలి అన్న మాట ఏప్రిల్ 11 నాటి చర్చలో ప్రధానంగా వినిపించి ఉంటే ఎంత బాగుండేది!

ఇక పరీక్షల సంగతి. కళ్లకు గంతలు కట్టుకుని తలుపు తీయలేం కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏప్రిల్‌లోనే చెప్పింది: వ్యాప్తి అదుపులో ఉండాలి, ప్రతి రోగినీ కనిపెట్టి, విడిగా ఉంచి, అతను కలిసిన వాళ్లను వెతికే శక్తి ఉండాలి, అప్పుడే సడలించండని. మేలో ఇంకో కొలత ఇచ్చింది, చేసిన పరీక్షల్లో పాజిటివ్‌గా తేలేవి రెండు వారాల పాటు 5 శాతం లోపు ఉండాలని. ఆంధ్రప్రదేశ్ మే మొదటికల్లా లక్ష పరీక్షలు దాటింది. తెలంగాణ చాలా వెనకబడింది, హైకోర్టు ఒకటికి నాలుగుసార్లు మందలించింది. ఇక్కడొక విచిత్రం ఉంది. తెరవాలన్న రాష్ట్రం ఎక్కువ పరీక్షలు చేసింది, మూసి ఉంచాలన్న రాష్ట్రం తక్కువ చేసింది. మూసి ఉంచడానికి కారణం కేసులే అయితే ఆ కేసుల లెక్క జనానికి జిల్లాలవారీగా, రోజూ తెలియాలి. లెక్క చూపకుండా ఇంట్లో ఉండమంటే కొన్నాళ్లు ఉంటారు. తర్వాత నమ్మరు.

మూసిన దాన్నీ నమ్మడానికి లేదన్న సంగతి చెన్నై కోయంబేడు మార్కెట్టు నేర్పింది. ఊరంతా మూసి, కూరగాయలు అత్యవసరం కాబట్టి ఆ ఒక్క మార్కెట్టూ నడిపారు. మేలో అక్కడి నుంచి లారీలతో పాటు వైరస్ చిత్తూరుకూ నెల్లూరుకూ చేరింది. మనవైపు చాలా ఊళ్లలో మొదట్లోనే రైతుబజార్లను విడగొట్టి స్కూలు మైదానాల్లోకి, స్టేడియాల్లోకి పంపారు. చిన్న పని. ఎంతో మేలు చేసిన పని.

2021లో రెండో అల వచ్చినప్పుడు కేంద్రం దేశమంతా మూసే జోలికి పోలేదు. రాష్ట్రాలే చూసుకున్నాయి. తెలంగాణలో మే 12న మొదలైంది, ఉదయం ఆరు నుంచి పది దాకా వెసులుబాటు. నెలాఖరున దాన్ని మధ్యాహ్నం ఒంటిగంట దాకా పెంచారు, ఇంటికి చేరడానికి ఇంకో గంట. జూన్ 10 నుంచి సాయంత్రం ఐదు దాకా. అప్పటికీ కేసులు తగ్గని సత్తుపల్లి, మధిర, మిర్యాలగూడ, దేవరకొండ లాంటి నియోజకవర్గాల్లో మాత్రం పాత కట్టడే ఉంచారు. జూన్ 20న పూర్తిగా ఎత్తేశారు. మెట్టు మెట్టుగా, మధ్యలో పది పదకొండు రోజులు ఆగి ఫలితం చూసుకుంటూ, రోగం ఉన్న చోటుకు కట్టడి పరిమితం చేస్తూ. ఏడాది కిందట పక్క రాష్ట్రం అడిగిన పద్ధతే ఇది కదా! ఏడాది కిందట తెలంగాణ పట్టుబట్టిన జాగ్రత్త కూడా ఇందులో ఉంది కదా! ఆ రెండు వాదనలూ కలిస్తే ఎలా ఉంటుందో ఆ జూన్ నెల చూపింది. కానీ అప్పటికి ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ దొరక్క పోయినవాళ్లు పోయారు.

ఇంత నేర్చుకున్నా ఒకచోట మాత్రం వరస మారలేదు. బడి.

తెలంగాణలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు 2020 మార్చి నడుమ ఇంటికెళ్లారు. మళ్లీ బడి గంట విన్నది 2021 సెప్టెంబరు 1న. మధ్యలో మద్యం దుకాణాలు తెరిచారు, బార్లు తెరిచారు, సినిమా హాళ్లు తెరిచారు, ఎన్నికలు జరిపారు. పై తరగతులకు 2021 ఫిబ్రవరిలో బడి తెరిచి మార్చిలో మూశారు. చిన్న తరగతులకు ఆ కొద్ది రోజులూ దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ కొంత నయం, 2020 నవంబరులో పెద్ద తరగతులతో మొదలుపెట్టి 2021 ఫిబ్రవరికి చిన్నపిల్లలను కూడా పిలిచింది. ఏప్రిల్‌లో మళ్లీ మూసింది. అక్కడ కూడా చిన్నవాళ్లే ఆఖరు.

డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15న తాళాలు తీయడం మొదలుపెట్టినప్పుడు ముందు తెరిచినవి శిశు సంరక్షణ కేంద్రాలు, ఐదో తరగతి దాకా బడులు. చిన్న దేశం, డబ్బున్న దేశం, తరగతికి పిల్లలు తక్కువ. నిజమే. మన గదుల్లో పిల్లలు కిక్కిరిసి కూర్చుంటారు, ఇంట్లో నాయనమ్మ తాతయ్య ఒకే గదిలో పడుకుంటారు, అదీ నిజమే. కాబట్టి భయం అర్థమవుతుంది. కానీ చెట్టు కింద సగం సగం మందికి, రోజు విడిచి రోజు బడి పెట్టొచ్చేమో ఊరూరా అడిగి చూశామా? పెద్ద పిల్లలు ఫోన్‌లో పాఠం వినగలరు. అక్షరాలు దిద్దే పిల్లకు ఫోన్‌లో ఏం వస్తుంది? ఆగలేని వాళ్లు చిన్నవాళ్లే. వాళ్లనే అందరికన్నా ఎక్కువ ఆపాం.

దాని వెల ఎంతో తర్వాత తెలిసింది. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం, తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం ఉంటే 2022కు 5.2 శాతానికి దిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు. మొదటి అంకెలే సిగ్గుపడేంత తక్కువ. వాటిలో కూడా సగానికి పైగా ఊడ్చుకుపోయింది. ఆ పిల్లల తరఫున ఏ సంఘమూ కలెక్టరేట్ ముందు ధర్నా చేయలేదు. హోటళ్ల వాళ్లకు సంఘం ఉంది, సినిమా వాళ్లకు మండలి ఉంది, మద్యానికి ఖజానాయే ఉంది. ఒకటో తరగతికి ఎవరున్నారు?

అప్పుడు మనం వాడుకున్న చట్టాలు రెండు. ఒకటి బొంబాయి ప్లేగు నాటి 1897 అంటువ్యాధుల చట్టం, రెండోది 2005 విపత్తు నిర్వహణ చట్టం. మూయడానికి అధికారం ఆ రెంటిలోనూ ఉంది. ఏ కొలత మీద తెరవాలో, ఎవరిని అడిగి తెరవాలో, ముందు ఎవరికి తెరవాలో ఏ ఒక్కదానిలోనూ లేదు. రోగం లేని ఈ రోజుల్లో కూర్చుని రాసుకోవాల్సింది అదే. ప్రతి జిల్లాలో ఎన్ని పరీక్షలు, ఎన్ని పాజిటివ్‌లు, ఎన్ని పడకలు ఖాళీ అన్నది రోజూ పంచాయతీ గోడ మీద ఉండాలి. ప్రతి రెండు వారాలకూ సమీక్ష జరగాలి, దాని కారణాలు బయటికి చెప్పాలి. మూసే ముందు వలస కూలీకి ఇల్లు చేరే గడువివ్వాలి. కర్మాగారానికి తనిఖీ వారం ఇవ్వాలి. తెరిచే జాబితాలో అంగన్‌వాడీ, ప్రాథమిక బడి అన్నిటికన్నా పైన ఉండాలి. ఆ నిర్ణయం జరిగే బల్ల దగ్గర డాక్టరు, పోలీసు అధికారి, ఆర్థిక శాఖ కార్యదర్శితో పాటు ఒక ఆశా కార్యకర్తకు, ఒక హమాలీ సంఘం మనిషికి, ఒక ప్రాథమిక బడి టీచరుకు కూడా కుర్చీ వేయాలి. మీ ఎమ్మెల్యే ఈసారి మీ ఊరొచ్చినప్పుడు ఈ సంగతి అడగండి. అసెంబ్లీలో బిల్లు పెట్టించడానికి ఏ వైరస్ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.